బకింగ్‌హామ్ కాలువ కోసం వెతికితే ప్యాలెస్ ఎందుకొచ్చింది: ఆన్‌లైన్ పరిశోధన లైబ్రరీల్లో వెతికే పద్ధతి

మా అక్క కూతురు చెన్నై చేపాక్‌లో ఎం.ఏ. చరిత్ర చదువుతోంది. తిరువాన్మియూర్‌లోని మా ఇంటి నుంచి రోజూ లోకల్ రైల్లో వెళ్లి వస్తుంది. ఆ దారి పొడవునా పట్టాల కింద నల్లటి నీళ్లతో ఒక కాలువ కనిపిస్తూ ఉంటుంది. చాలాచోట్ల రైలు స్తంభాలు కూడా కాలువలోనే దిగి ఉంటాయి. నెల్లూరు జిల్లాలో వాళ్ల నాయనమ్మ చిన్నతనంలో ఇదే కాలువ మీద పడవల్లో సరుకు మద్రాసు వెళ్లేదట. ఆ మాట విన్నప్పటి నుంచి పిల్లకి పట్టుకుంది. డిసర్టేషన్‌కి బకింగ్‌హామ్ కాలువనే తీసుకుంది.

మూడు రోజుల తర్వాత నా దగ్గరికొచ్చి, "పిన్నీ, దీని మీద ఎవరూ ఏమీ రాయలేదు. రీసెర్చ్ గ్యాప్ ఉందని రాసేస్తాను" అంది.

నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఈ మాట ఏడాదికి ఇరవై మంది నోట వింటాను. లాప్‌టాప్ తెరిపించి ఏం టైపు చేసిందో చూశాను. "బకింగ్‌హామ్ కాలువ వల్ల తెలుగువాళ్లు చెన్నైకి ఎలా వలస వచ్చారు" అని ఇంగ్లిష్‌లో ఒక పూర్తి వాక్యం కొట్టింది. మొదటి పేజీ నిండా లండన్‌లోని రాజుగారి ప్యాలెస్, బకింగ్‌హామ్‌షైర్ జిల్లా, బకింగ్‌హామ్ అనే ఇంటిపేరున్న ఒకాయన రాసిన వ్యాసం. కాలువ ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని చేసిన పనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ విషయం కాలువ కాకపోవచ్చు, మధుమేహం కావచ్చు, చేనేత కావచ్చు. పద్ధతి మాత్రం ఇదే.

ముందు లాప్‌టాప్ మూసి, కాగితం తీయండి

పరిశోధన డేటాబేస్‌లు చాలావరకు మీ ప్రశ్నని అర్థం చేసుకోవు. మీరిచ్చిన మాట తమ దగ్గరున్న కాగితాల్లో ఎక్కడుందో చూసి చెబుతాయి, అంతే. ఈమధ్య కొన్నిటికి ఏఐ తగిలించి, వాక్యంలా అడిగినా జవాబిస్తామంటున్నారు. వాటిలో అడగండి, తప్పులేదు. కానీ పాత రిపోర్టు రాసిన ఇంజనీరు ఏ మాట వాడాడో ఆ మాట మీకు తెలియకపోతే, ఆ రిపోర్టు మీ కంట పడడం కష్టం.

అందుకని మొదటి పని పేర్లు పోగేయడం. కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. వస్తువు, పని, చోటు, కాలం. నా సొంత తెలివి కాదిది. గణితం పంతులుగా ఉంటూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చారు. ఏ విషయాన్నయినా వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అని ఐదు ముఖాలుగా విడగొట్టాలన్నారు. పరీక్షల కోసం మేం బట్టీ పట్టిన ఆ ఐదు ముఖాలు, ఇన్నేళ్లకి కీబోర్డు ముందు పనికొస్తున్నాయి.

మా కాగితంలో మొదటి గడిలో కాలువ. 1806లో బేసిల్ కాక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించడం మొదలుపెట్టినప్పుడు దాని పేరు కాక్రేన్ కాలువ. 1837లో ప్రభుత్వం చేతికి వచ్చింది. అటు ఉత్తరంగా, ఇటు దక్షిణంగా పెరుగుతూ పోయి ఈస్ట్ కోస్ట్ కెనాల్ అయ్యింది. 1876-78 కరువులో జనానికి కూలి చూపించడానికి అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్క తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టారు. అంటే 1860ల నాటి కాగితాల్లో బకింగ్‌హామ్ అని వెతికితే కాలువ దొరకనే దొరకదు. పేరే పుట్టలేదు మరి. మా పిల్ల మూడు రోజుల తిప్పలకి సగం కారణం ఇది.

చోటు గడిలో ఇంకా పెద్ద జాబితా వచ్చింది. కాలువ ఇప్పటి లెక్కలో పెద్దగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, దారిలో ఎన్ని ఊళ్లుంటే అన్ని స్పెల్లింగులు. చెన్నై అనే పేరు అధికారికంగా వచ్చింది 1996లో. అంతకుముందు ఇంగ్లిష్‌లో రాసినవాళ్లు దాదాపు అందరూ మద్రాస్ అనే రాశారు. పులికాట్‌కి డచ్చివాళ్ల కాగితాల్లో పాలియకాటా, తమిళంలో పళవేర్కాడు, మనవాళ్లకి ప్రళయ కావేరి. కూవం ఒక్కదానికే ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాల స్పెల్లింగ్ కనిపిస్తుంది. కాకినాడ అప్పట్లో కోకనాడ, మచిలీపట్నం మసులిపటం. తెలుగువాళ్లని పాత ఇంగ్లిష్ రాతల్లో జెంటూ అని కూడా అన్నారు. తెలుగు అనే మాటనే నాలుగు రకాలుగా రాశారు.

కాలం గడిలో నాయనమ్మ మాట పనికొచ్చింది. ఆవిడ "ధాత కరువు" అంటుంది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. డేటాబేస్‌లో అదే కరువు "గ్రేట్ ఫామిన్", "మద్రాస్ ఫామిన్" అన్న పేర్లతో ఉంటుంది. ఇంట్లోవాళ్ల మాటని ఆఫీసు మాటగా మార్చుకోవడం ఈ పనిలో పెద్ద భాగం.

ఈ కాగితానికి గంట పట్టింది. గంట వృథా అనిపిస్తుంది, అనిపించనీయండి.

ఏ తలుపు తట్టాలి

"ఆన్‌లైన్ లైబ్రరీ" అని ఒకే మాట అంటాం కానీ అందులో మూడు వేర్వేరు జాతులున్నాయి. మీ కాలేజీ లైబ్రరీ కేటలాగ్ ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెబుతుంది, పుస్తకం లోపల ఏముందో దానికి తెలియదు. సూచీలు వ్యాసం పేరు, రచయిత, సారాంశం వరకే వెతుకుతాయి. పూర్తి పాఠం ఉన్నవి లోపలి ప్రతి మాటనీ వెతుకుతాయి. ఏది ఏ జాతో తెలియకుండా వెతికితే, ఒకచోట ఏమీ రాదు, ఇంకోచోట ఇరవై వేలు వస్తాయి. రెండూ ఒకే టెన్షన్.

చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాలకి నేను ముందు జెస్టోర్ తెరవమంటాను. 1995లో మొదలైంది, పూర్తి పాఠం వెతుకుతుంది. మీ సంస్థకి చందా లేకపోయినా సొంత ఈమెయిల్‌తో ఉచిత ఖాతా తెరిస్తే నెలకి 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. డౌన్‌లోడ్ మాత్రం కుదరదు. సౌత్ ఏషియా ఓపెన్ ఆర్కైవ్స్ అనే సేకరణ కూడా అక్కడే ఉంది, పాత రిపోర్టులు, పత్రికలు అందరికీ తెరిచే ఉంటాయి.

గూగుల్ స్కాలర్ 2004 నుంచి ఉంది. వెడల్పు ఎక్కువ, శుభ్రత తక్కువ. మంచి వ్యాసమూ, ఎవరో సెమినార్‌కి హడావుడిగా రాసిందీ పక్కపక్కనే కూర్చుంటాయి. దాన్ని నేను మొదటి చూపుకి, చివరి తనిఖీకి వాడతాను.

మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉంటాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నడుపుతోంది. అక్కడ పూర్తి పాఠం మీద ఆశ పెట్టుకోకండి. శీర్షిక, పరిశోధకుల పేరు, విశ్వవిద్యాలయం, శాఖ, ఇలా మెట్లు దిగుతూ వెళ్లడమే మేలు. ఒక్కో గ్రంథం అధ్యాయాలుగా విడివిడి ఫైళ్లలో ఉంటుంది. ముందు చివర్లో ఉండే ఉపయుక్త గ్రంథాల జాబితా ఫైలు తెరవండి. ఎవరో నాలుగైదేళ్లు కష్టపడి పోగేసిన జాబితా అది, మీకు ఒక్క క్లిక్‌లో వస్తోంది.

వైద్యం, జీవశాస్త్రాలకి పబ్‌మెడ్. దాంట్లో ఒక తెలివి ఉంది. మీరు హార్ట్ ఎటాక్ అని కొడితే, డాక్టర్లు వాడే మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అనే శీర్షిక కింద కూడా అదే వెతుకుతుంది. కానీ మీరు కొటేషన్ గుర్తులు పెట్టారంటే ఆ సాయం ఆగిపోతుంది. మిగతాచోట్ల మంచిదైన అలవాటు ఇక్కడ అడ్డం వస్తుందన్నమాట.

ఎలా టైపు చేయాలి

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఈ చోటే.

రెండు మాటలు కలిసి ఒకే పేరయితే వాటిని కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. అలా పెట్టగానే మా తెర మీద నుంచి ప్యాలెస్ ఎగిరిపోయింది. బకింగ్‌హామ్ పక్కనే కెనాల్ ఉన్న కాగితాలే మిగిలాయి.

ఒకే వస్తువుకున్న పలు పేర్లని ఆర్ (లేదా) అనే మాటతో కలపాలి. వేర్వేరు గళ్లని అండ్ (మరియు) అనే మాటతో కలపాలి. ఈ ఆర్, అండ్, నాట్ అనే మూడింటినీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే కొట్టండి. చిన్న అక్షరాల్లో కొడితే చాలాచోట్ల మామూలు మాటలుగా తీసుకుంటాయి. ఆర్‌తో కలిపిన గుంపు చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరి. లేకపోతే ఏది ముందు చేయాలో యంత్రం తనకి తోచినట్టు తేల్చుకుంటుంది. మా వాక్యం చివరికి ఇలా తయారైంది, మీరు ఇంగ్లిష్‌లో కొట్టుకోవాలి:

("బకింగ్‌హామ్ కెనాల్" ఆర్ "ఈస్ట్ కోస్ట్ కెనాల్" ఆర్ "కాక్రేన్స్ కెనాల్") అండ్ (మద్రాస్ ఆర్ నెల్లూర్ ఆర్ పులికాట్)

రెండో బ్రాకెట్ ఎందుకంటే, అమెరికాలోని ఫ్లోరిడాలో కూడా ఒక ఈస్ట్ కోస్ట్ కెనాల్ ఉంది. ముందు అది పెట్టకుండా నొక్కాం. మొసళ్లు, నారింజ తోటలు అన్నీ వచ్చి కూర్చున్నాయి.

నాట్‌ని మాత్రం నేను ఉప్పులా వాడమంటాను. మా పిల్ల ఉత్సాహంగా నాట్ డ్యూక్ అని పెట్టింది, ఆయన జీవిత చరిత్రలు రాకుండా. దాంతో "డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టిన ఈ కాలువ" అని మొదలయ్యే ప్రతి మంచి వ్యాసమూ పోయింది. అక్కర్లేనిది తీసేయడం కన్నా కావాల్సింది బిగించడం మంచిది. గూగుల్ స్కాలర్‌లో నాట్ బదులు మాట ముందు మైనస్ గుర్తు పెట్టాలి, ఖాళీ వదలకుండా.

నక్షత్రం గుర్తు ఇంకొకటి. బోట్ అని కొట్టి చివర నక్షత్రం పెడితే బోట్స్, బోట్‌మెన్ కూడా వస్తాయి. జెస్టోర్‌లో పనిచేస్తుంది. స్కాలర్‌లో ఇలా పనిచేయదు, దగ్గరి రూపాల్ని అదే చూసుకుంటుంది. పొట్టి మాటకి మాత్రం నక్షత్రం తగిలించకండి. సాల్ట్ కోసం సాల్ దగ్గర నక్షత్రం పెడితే సేల్, శాలరీ, సాల్వేషన్ అన్నీ వస్తాయి.

జెస్టోర్ అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో నియర్ అని ఒక సదుపాయం ఉంది. రెండు మాటలు 5, 10 లేదా 25 మాటల దూరంలో ఉన్న చోట్లే చూపిస్తుంది. పూర్తి పాఠం వెతికేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. 400 పేజీల పుస్తకంలో 12వ పేజీలో కెనాల్, 380వ పేజీలో తెలుగు ఉంటే, అండ్ దృష్టిలో అది సరైన జవాబే. మనకి దానితో పనేముంది?

అన్ని గళ్లూ ఒకేసారి దూర్చకండి. ముందు ఒక్క వస్తువు గడితో వెతకండి, వచ్చిన సంఖ్య కాగితం మీద రాసుకోండి. తర్వాత చోటు కలపండి. ఆ తర్వాత పని. ఏ గడి కలపగానే సంఖ్య సున్నాకి పడిందో అక్కడ మీ మాట తప్పన్నమాట. మైగ్రేషన్ అని కలపగానే మాకు దాదాపు అన్నీ పోయాయి. ఆనాటి రిపోర్టుల వాళ్లు వలసని ఎమిగ్రేషన్ అన్నారు, కొన్నిచోట్ల కూలీ అన్న మాట తప్ప ఇంకేమీ అనలేదు.

ఫలితాల పేజీ

మొదటి పది చూసి ఆగిపోకండి, అలాగని మూడొందలూ చదవక్కర్లేదు. ఎడమ పక్కన వడపోతలుంటాయి. సంవత్సరం, భాష, విషయం, వ్యాసమా పుస్తకమా. జెస్టోర్‌లో వచ్చేవాటిలో పుస్తక సమీక్షలు చాలా ఉంటాయి. వాటిని తీసేయడం సులువే కానీ, నేను ఒకసారి వాటినే చూడమంటాను. రెండు పేజీల సమీక్ష చదివితే 300 పేజీల పుస్తకం మీకు అవసరమో కాదో తెలిసిపోతుంది.

వరసని "రెలెవెన్స్" నుంచి "పాతవి ముందు"కి మార్చి ఒకసారి, "కొత్తవి ముందు"కి మార్చి ఒకసారి చూడండి. పాతవి ముందు పెడితే ఆ పేరు ఎప్పుడు పుట్టిందో కంటికి కనిపిస్తుంది.

ఒక్క మంచి వ్యాసం దొరికాక

ఇక సెర్చ్ పెట్టె వదిలేయండి. అందరూ ఇక్కడే తొందరపడి మళ్లీ కొత్త మాటలు కొడుతూ కూర్చుంటారు.

దొరికిన వ్యాసం తాలూకు రికార్డు పేజీ నింపాదిగా చూడండి. సారాంశం కింద విషయ శీర్షికలు, కీలక పదాలు ఉంటాయి. అవి జాబితా కట్టినవాళ్లు వాడే మాటలు. మా పిల్ల పడవలు, పడవలు అని వెతుకుతోంది. రికార్డులో "ఇన్‌లాండ్ నావిగేషన్" అని కనిపించింది. ఆ మాటని కాగితంలో రాసుకుని వెతికితే, అప్పటిదాకా కంటికి ఆనని రిపోర్టులు బయటికొచ్చాయి. పడవ ఎక్కినవాళ్లది పడవ, లెక్క రాసినవాళ్లది నావిగేషన్.

తర్వాత వ్యాసం చివరి ఫుట్‌నోట్లు. ఇవి వెనక్కి తీసుకెళ్తాయి. ఆ రచయిత ఏ కాగితాలు చూసి రాశారో తెలుస్తుంది. గూగుల్ స్కాలర్‌లో అదే వ్యాసం పేరు కొట్టి, కింద ఉన్న "సైటెడ్ బై" నొక్కండి. ఇది ముందుకి తీసుకెళ్తుంది. ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు వాడుకున్నారో చూపిస్తుంది. ఇంకో సంగతి, ఆ సైటెడ్ బై జాబితా పైన "ఈ వ్యాసాల్లోనే వెతుకు" అనే చిన్న గడి ఉంటుంది. దాన్ని టిక్ చేసి నెల్లూర్ అని కొట్టండి. వందల్లోంచి మీకు కావలసిన నాలుగు తేలతాయి.

తాళం కప్ప ఎదురైతే

వ్యాసం పేరు కనిపిస్తుంది, నొక్కితే ముప్పై నలభై డాలర్లు కట్టమంటుంది. కట్టకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రొఫెసర్‌గారి కోసం నేను నా కార్డుతో కట్టాను. మర్నాడు అదే వ్యాసం ఆ రచయిత సొంత పేజీలో ఉచితంగా కనిపించింది. ఆ డబ్బు ఇప్పటికీ నాకు తిరిగి రాలేదు, అడగడానికి నాకు మొహమాటం, ఇవ్వడానికి ఆయనకి మరుపు.

ముందు మీ సంస్థకి ఏముందో కనుక్కోండి. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకి 30 ప్రచురణ సంస్థల పత్రికలు, సుమారు 13,000, అందుబాటులోకి వచ్చాయి. మీ కాలేజీ పేరు జాబితాలో ఉన్నా క్యాంపస్ వైఫైలో తెరుచుకునేది ఇంట్లో తెరుచుకోదు. ఎందుకంటే డేటాబేస్ మిమ్మల్ని గుర్తుపట్టేది నెట్‌వర్క్ అడ్రసుతో. ఇంటి నుంచి కావాలంటే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇన్‌ఫెడ్ లాంటి లాగిన్ కావాలి. ప్రచురణకర్త సైట్‌లో "సంస్థ ద్వారా లాగిన్" అనే మాట నొక్కి, మీ సంస్థని ఎంచుకుని, కాలేజీ ఇచ్చిన యూజర్‌నేమ్‌తో వెళ్లాలి. ఆ యూజర్‌నేమ్ ఎవరిస్తారంటే మా లైబ్రరీవాళ్లమే. అడిగేవాళ్లు తక్కువ.

అక్కడా లేకపోతే బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. చట్టబద్ధంగా ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే పేజీ పక్కన ఆకుపచ్చ తాళం కప్ప తెరుచుకుని కనిపిస్తుంది. స్కాలర్‌లో "ఆల్ వెర్షన్స్" కూడా చూడండి. అదీ లేకపోతే రచయితకే మర్యాదగా నాలుగు లైన్ల మెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపుతారు. తమ వ్యాసం ఒకరు చదవాలనుకుంటున్నారంటే ఎవరికి చేదు?

ఒక హెచ్చరిక. దొరికింది కదా అని ఒకే పత్రిక సంచికలన్నీ వరసపెట్టి దించేయకండి. ఒక కాలేజీలో ఒక విద్యార్థి రాత్రంతా ఏదో ప్రోగ్రామ్ పెట్టి డౌన్‌లోడ్ చేస్తే, తెల్లారేసరికి ప్రచురణకర్త మొత్తం క్యాంపస్‌నే ఆపేశాడు. పరీక్షల ముందు వారం. ఆ అబ్బాయిని ఎవరూ క్షమించలేదు.

పాత స్కాన్లు, తెలుగు పుస్తకాలు

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత భారతీయ పుస్తకాల స్కాన్లు కుప్పలుగా ఉన్నాయి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చినవి కూడా అక్కడే దొరుకుతాయి. సెర్చ్ పెట్టె కింద ఉండే ఎంపికల్లో మనకి కావలసినవి రెండు. ఒకటి మెటాడేటా, అంటే పుస్తకం పేరు, రచయిత వగైరా. రెండోది లోపలి పాఠం. మామూలుగా మొదటిది ఎంపికై ఉంటుంది. మార్చకుండా వెతికి "లేదు" అనుకోవడం సర్వసాధారణం.

లోపలి పాఠం కూడా నమ్మదగ్గది కాదు. పాత అచ్చు పేజీని యంత్రం చదివి అక్షరాలుగా మార్చింది. ఇంగ్లిష్‌లో హెచ్ అక్షరాన్ని ఎల్, ఐ అని రెండుగా చదవడం, ఆర్, ఎన్ కలిసి వస్తే ఎమ్ అనుకోవడం మామూలే. కాక్రేన్ పేరులో హెచ్ ఉంది. అందుకని పేరుతో దొరకనప్పుడు దాని పక్కన ఉండే మాటలతో వెతకాలి. ఎన్నోర్, లాక్, టోల్ ఇలాంటివి.

తెలుగు పుస్తకాలదైతే వేరే కథ. పేర్లని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఆంధ్ర అనే మాటకి ఒక ఏ, రెండు ఏలు, హెచ్ ఉన్నది, లేనిది, అన్నీ వాడి చూడాల్సిందే. తెలుగు లిపిలో వెతికేటప్పుడు ఇంకో చిక్కు. పాత పుస్తకాల్లో చెన్నపట్టణము అని "ము"తో ఉంటుంది, మనం సున్నాతో ముగిస్తాం. వాళ్లు అరసున్న పెట్టి తెలుఁగు అంటారు, శకటరేఫ వాడి ఏఱు అంటారు. మనకి ఒకే మాట, కంప్యూటర్‌కి వేర్వేరు. బకింగ్‌హామ్ అని తెలుగులో టైపు చేసేటప్పుడు గ్ తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు పడుతుంది. అది లేకుండా కొట్టినవాళ్ల పేజీలో అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, మీ సెర్చ్‌కి అందవు. రెండు రకాలుగానూ కొట్టి చూడండి. కుదిరినంత వరకు మాట మొదటి భాగమే వాడండి. చెన్నపట్ట అని ఆపేస్తే చాలు, కొన్ని సైట్లలో ము ఉన్నా సున్నా ఉన్నా వచ్చేస్తుంది.

స్కాన్ నుంచి నోట్స్ రాసుకునేటప్పుడు పేజీ సంఖ్య ఏదో చూసుకోండి. తెర కింద కనిపించేది బొమ్మ సంఖ్య. అట్ట, ముందుమాట కలుపుకుని లెక్కపెడుతుంది. ఫుట్‌నోట్‌లో వేయాల్సింది కాగితం మీద అచ్చయిన సంఖ్య. ఈ తేడాతో వైవాలో ఇరుక్కున్నవాళ్లని చూశాను.

తెర మీద లేనివి చాలా ఉన్నాయి. చెన్నైలో ఉన్నందుకు మనకి అదృష్టం. ఎగ్మూర్‌లో 1896లో తెరిచిన కన్నెమెరా లైబ్రరీ దేశంలో ప్రచురణ ప్రతులు చట్టప్రకారం చేరే నాలుగు లైబ్రరీల్లో ఒకటి. తమిళనాడు ఆర్కైవ్స్ కూడా ఎగ్మూర్‌లోనే. కొట్టూర్‌పురంలో అన్నా శతజయంతి లైబ్రరీ. ఆర్కైవ్స్‌కి వెళ్లేముందు మీకు ఆన్‌లైన్‌లో దొరికిన ఫుట్‌నోట్లలోంచి ప్రభుత్వ ఉత్తర్వు సంఖ్య, తేదీ, శాఖ మూడూ రాసుకెళ్లండి. మా కాలువది ప్రజా పనుల శాఖ. "కాలువ ఫైలు కావాలండీ" అని అడిగితే ఎవరూ తేలేరు.

దాచుకోవడం

జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. వ్యాసం తెరిచి ఒక బటన్ నొక్కితే రచయిత, సంవత్సరం, పత్రిక అన్నీ దానంతటదే పట్టుకుంటుంది. తర్వాత ఒకసారి చేత్తో సరిచూడండి. మన పేర్లలో ఇంటిపేరేదో, అసలు పేరేదో దానికి తెలియదు.

అడ్రస్ బార్‌లో కనిపించే పొడవాటి లింకుని కాపీ చేయకండి. చాలా డేటాబేస్‌లలో అది మీ లాగిన్ ఉన్నంతసేపే బతుకుతుంది. వ్యాసం పేజీలో డీఓఐ అని, 10తో మొదలై చుక్క, మధ్యలో ఏటవాలు గీత ఉండే సంఖ్య కనిపిస్తుంది. దాన్ని రాసుకోండి. సైటు మారినా అది వ్యాసం దగ్గరికే చేరుస్తుంది. డీఓఐ లేని పాత వ్యాసాలకి జెస్టోర్ ఇచ్చే స్థిరమైన లింకు వాడండి.

వెతుకులాటకి ఒక డైరీ ఉండాలి. తేదీ, ఏ డేటాబేస్, సరిగ్గా ఏ వాక్యం కొట్టాం, ఎన్ని వచ్చాయి, ఎన్ని పనికొచ్చాయి. ఒక్కో వరుసకి అర నిమిషం. నెల తర్వాత గైడ్ "అన్నీ చూశావా అమ్మా?" అంటే చూపించడానికి ఇదే ఆధారం.

ఎప్పుడు ఆపాలో కూడా డైరీయే చెబుతుంది. వేర్వేరు మాటలతో మూడు చోట్ల వెతికినా, వచ్చినవన్నీ మీ దగ్గర ఇప్పటికే ఉన్నవైతే ఆపేయండి. మిగతా పని అలర్ట్‌కి వదలండి. గూగుల్ స్కాలర్‌లో మీ వాక్యం కొట్టి, ఎడమవైపు ఉన్న కవరు గుర్తు నొక్కితే, దాని మీద కొత్త వ్యాసం వచ్చినప్పుడల్లా మెయిల్ వస్తుంది.

మా పిల్ల డైరీ ఇప్పుడు పదకొండు పేజీలయ్యింది. రీసెర్చ్ గ్యాప్ మాట మళ్లీ ఎత్తలేదు. మొన్న రాత్రి పడుకునేముందు తనంతట తనే అలర్ట్ పెట్టుకుంది. పొద్దున్నే మొదటి మెయిల్ వచ్చిందని ఆశగా తెరిచింది. బకింగ్‌హామ్ ప్యాలెస్ తోటల్లోని పక్షుల మీద వ్యాసం.

"కొటేషన్లు పెట్టావా?" అన్నాను కాఫీ కలుపుతూ.

లోపల్నుంచి జవాబు లేదు. కీబోర్డు చప్పుడు మాత్రం వినిపించింది.